రెండో నంబరు గీత

ల్యాబు, రెండో అంతస్తు
జనవరి 8

ఒరేయ్ కోతీ,

బతికే ఉన్నావా? నీ ఉత్తరం వచ్చి నలభై రోజులైంది. మరదలు రాసిన నాలుగు ముక్కల్ని బట్టి నువ్వు మళ్ళీ ఏదో పొగగొట్టం ఎక్కావని తెలిసింది. ఫోన్ చేద్దామనుకున్నా. చేస్తే రెండో నిమిషంలో అరుచుకుంటాం, మూడో నిమిషంలో పెట్టేస్తాం. అందుకే కదా అమ్మ పోయే ముందు మనిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది, "మీరు ఉత్తరాలే రాసుకోండర్రా, కాగితం మీదైతే కాస్త మర్యాదగా ఉంటారు" అని. పాపం, ఆవిడ ఆశ అది.

నా పని గురించి అడిగావు కాబట్టి చెప్తా. (అడగలేదు, తెలుసు. అయినా చెప్తా.) మనిషి కదలకుండా నిలబడ్డాననుకుంటాడు కానీ నిలబడడు. ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటాడు, వెంట్రుకవాసి. పాదాలు, కళ్ళు, చెవి లోపలి భాగం, ఈ మూడూ కలిసి ఆ ఊగుడుని సరిచేస్తుంటాయి. పిక్కల్లో కండరాలు క్షణం ఊరుకోవు. నాలుగేళ్ళ కిందట నువ్వొచ్చినప్పుడు నిన్ను ఎక్కించానే, అడుగున తూకాలున్న పలక, దాని మీద నిలబడితే ఆ ఊగుడంతా కాగితం మీద గీతలా వస్తుంది.

కళ్ళు మూసుకున్న మనిషి పక్కనున్న స్టాండుకి ఒక్క వేలు ఆనిస్తే చాలురా, ఊగుడు సగానికి పడిపోతుంది. బరువు వెయ్యక్కర్లేదు. ఊరికే ఆనాలి, అంతే. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు కొత్త పని మొదలుపెట్టాం. కాళ్ళ నరాల జబ్బు మనిషికి తెలియక ముందే గీతలో కనబడుతుందా అని. దానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పాత గీతలు కావాలి. బీరువాలోంచి ఫైళ్ళన్నీ దింపుతున్నా. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో నా నోటుపుస్తకంలో ఉంటుంది. మొన్న ఇద్దరు స్టూడెంట్లు పనయ్యాక తీరిగ్గా పుస్తకం నింపుతుంటే చెడామడా తిట్టేశా. ముందు రాయి, తర్వాత చెయ్యి. ఇరవయ్యేళ్ళుగా నా పద్ధతి అదే, ఒక్క నంబరు తప్పు పోలేదు.

నిన్న భలే పని జరిగింది. మా ఇంటి మెట్లన్నీ ఎక్కి పైకొచ్చి తాళం తీస్తుంటే చూసుకున్నా, ఎడమ కాలికి చెప్పు లేదు. కింద మొదటి మెట్టు దగ్గరే జారిపోయిందట. ఇరవై రెండు మెట్లు ఒంటి చెప్పుతో ఎక్కేశా. అంత పరధ్యానం! నవ్వకు, నీకూ నలభై దాటాయి.

వెంటనే జవాబు రాయి.

అక్క

———

పొగగొట్టం కింద, రేకుల షెడ్డు
జనవరి 27

ప్రొఫెసరమ్మ గారికి,

కోతి నమస్కరించి రాయునది. బతికే ఉన్నాను. కాకపోతే భూమ్మీద లేను. ఈ గొట్టం చుట్టూ ఎరుపూ తెలుపూ పట్టీలు వెయ్యాలి, పగుళ్ళు పూడ్చాలి. పైనుంచి తాడుకి వేలాడుతూ కిందికి దిగుతూ వేస్తాం. మూడు పట్టీలయ్యాయి, ఇంకా తొమ్మిదున్నాయి.

నీ వేలు సంగతి చదివి పడీ పడీ నవ్వాను. దానికి అంత యంత్రం ఎందుకే? మా పెద్దాయన్ని అడిగితే చెప్పేవాడుగా! పెద్దాయనంటే కింద నిలబడే మనిషి. నేను పైన ఉన్నంతసేపూ ఆయన నా తాడు మీద ఒక వేలు ఆనించి ఉంచుతాడు. నా బరువు మోసేది పైన కట్టిన కొక్కేలు, ఆయన కాదు. నేనెక్కడున్నానో ఆయనకి తెలియాలి, ఆయనున్నాడని నాకు తెలియాలి, అందుకు. కొత్త ఇంజనీరొచ్చి "ఇదేం చాదస్తమండీ, బెల్టులూ బ్రేకులూ అన్నీ ఉన్నాయిగా" అన్నాడు. పెద్దాయన వేలు తియ్యలేదు. ఒకసారి టీ కోసం పక్కకెళ్ళాడు. ఎలా తెలిసిందో తెలియదు, పైన నేను పని ఆపి కిందికి చూశాను. మీ సైన్సు మా పెద్దాయన దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

ఆ పలక నాకెందుకు గుర్తుండదు? పిక్కలకి వైర్లున్న అట్టలు అంటించి పీకావు. వెంట్రుకలన్నీ వాటితోనే ఊడొచ్చాయి. యంత్రం నడిపే మీ మిషనాయన పళ్ళికిలించాడు కూడా.

నా గీత ఎలా ఉంది? బాగుంటే కాపీ పంపు, షెడ్డులో అతికిస్తా. పదహారేళ్ళుగా తాడు మీద ఉన్నా, మరి. నన్ను నేల మీద వదిలేస్తే ఏం చెయ్యాలో నాకు తోచదక్కా. మీ మరదలు అంటుంది, ఇంట్లో ఉన్నరోజు వస్తువులన్నింటికీ గుద్దుకుంటానని.

చెప్పులు మార్చు. పిసినారితనం తగ్గించు.

నీ తమ్ముడు

———

ల్యాబు
ఫిబ్రవరి 16

తమ్ముడికి,

ఎలా ఉన్నావు? కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాను, ఎందుకని అడక్కుండా జవాబు రాయి. పరిశోధన కోసమే.

ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు వాష్‌బేసిన్ అంచు పట్టుకుంటావా? ప్యాంటు నిలబడే తొడుక్కుంటావా, గోడకి ఆనుకుంటావా? చొక్కా తల మీదుగా తీసేటప్పుడు తూలతావా? నేల చల్లగా ఉందో వెచ్చగా ఉందో పాదాలకి వెంటనే తెలుస్తోందా?

దాచకుండా రాయి. ఈ మధ్య ఎక్కడైనా పడ్డావా? చిన్నదైనా సరే.

నీ గీత కాపీ సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు ఫైళ్ళు బయటికివ్వకూడదు.

జాగ్రత్తగా ఉండు.

అక్క

———

రేకుల షెడ్డు
ఫిబ్రవరి 28

అక్కా,

ఏమైంది నీకు? "కోతీ" అని లేదు, ఒక్క తిట్టు లేదు. "ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టావు. భయపడి ఉత్తరం మీ మరదలికి చూపించా. "మీ అక్కయ్య గారి ఒంట్లో బాగాలేదేమో" అంది.

జవాబులు తీసుకో. బేసిన్ పట్టుకోను, ఎందుకంటే మాకు బేసిన్ లేదు, కుళాయి ఉంది. ప్యాంటు నిలబడే తొడుక్కుంటా. చొక్కా ఎలా తీస్తానో చూసుకోలేదు, ఈసారి చూస్తా. పాదాలకి మాత్రం అన్నీ తెలుస్తాయి, గొట్టం మీద బొబ్బలెక్కిన రంగు కూడా. పడ్డావా అంటే, పోయినవారం షెడ్డు గడప తగిలి బొక్కబోర్లా పడ్డా. చేతిలో రంగు డబ్బా ఉంది. పెద్దాయన ప్యాంటు ఇప్పుడు సగం ఎరుపు.

ఇప్పుడు అసలు విషయం చెప్పు. నాకు అబద్ధం చెప్పడం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు.

తమ్ముడు

———

ల్యాబు
మార్చి 12

నాన్నా,

చెప్పకూడదు. మేం చేసేది పరిశోధన, వైద్యం కాదు. ఎవరి గీతలో ఏముందో వాళ్ళకి చెప్పబోమని మేం సంతకం పెట్టాం. అయినా చెప్తున్నాను. నువ్వు గడప తగిలి పడ్డావని చదివినప్పటినుంచి అన్నం సయించడం లేదు.

ఆ రోజు పలక మీద మనిద్దరమే ఎక్కాం. కొత్త యంత్రమొస్తే ముందు వాడేవాళ్ళే ఎక్కి చూడాలని మా దగ్గర లెక్క. ఒకటో నంబరు నేను, రెండో నంబరు నువ్వు. ఒకటో గీత చూస్తే నాకే ముచ్చటేసింది, కళ్ళు మూసినా స్తంభంలా ఉంది. రెండోది బాగాలేదురా. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఏ లోటూ లేదు. మూసిన వెంటనే ఊగుడు మూడింతలైంది. పిక్క కండరం ఆలస్యంగా అందుకుంటోంది. పాదం ఎక్కడుందో పాదమే మెదడుకి చెప్పాలి. నీ పాదాలు ఆ కబురు సరిగ్గా పంపడం లేదు. కళ్ళు ఆ లోటు కప్పేస్తున్నాయి, అందుకే నీకు తెలియడం లేదు. ఇది నాలుగేళ్ళ కిందటి మాట. ఇప్పటికి ఎంత పెరిగిందో.

పది రోజుల్లో ముప్ఫైసార్లు చూశాను, యంత్రం తప్పేమోనని. తప్పు కాదు.

ఒరేయ్, తాడు దిగు. ఇక్కడికి రా, మళ్ళీ పలక ఎక్కిస్తా, మంచి డాక్టరుకి చూపిస్తా. పైన రంగు దుమ్ము కళ్ళల్లో పడి రెండు క్షణాలు కళ్ళు మూశావనుకో. ఆపైన నాకు ఆలోచించడానికి కూడా భయంగా ఉంది.

అక్క

———

రేకుల షెడ్డు
మార్చి 24

అక్కా,

చదివాను. రెండు రోజులు తాడు ముట్టుకోలేదు. మూడోరోజు పైకెక్కాను.

ఇప్పుడు రాలేను. ఆరు పట్టీలయ్యాయి, సగంలో వదిలేస్తే ఇంకెవరూ నన్ను పిలవరు. పైగా నాకేం కాలేదు. నిజం తెలుసుకుందామని నిన్న పైన, గొట్టం అంచు దగ్గర, చేతులు వదిలేసి కళ్ళు మూసుకుని ఇరవై లెక్కపెట్టాను. ఏమీ కాలేదు. గాలి కూడా గట్టిగానే ఉంది. కావాలంటే రేపు యాభై లెక్కపెట్టి రాస్తా.

నీ యంత్రానికి తిక్కేమైనా ఉందేమో చూసుకో.

తమ్ముడు

———

ఇల్లు
ఏప్రిల్ 2

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజే మీ సేఫ్టీ ఇంజనీరుకి రాశాను. నీ గీత సంగతంతా రాశాను. నీకు డాక్టరు కాగితం వచ్చేదాకా తాడు ఎక్కించొద్దని ల్యాబు ముద్రతో రాశాను. నీకు ముందు చెప్తే ఆపేస్తావని చెప్పలేదు.

యాభై లెక్కపెడతానన్నావు. నాకు వేరే దారి కనబడలేదు. తిట్టుకో.

అక్క

———

నేల మీద
ఏప్రిల్ 10

డాక్టరు గారికి,

మీ ఉత్తరం ఇంజనీరు గారు అందరి ముందూ చదివారు. పని చేసేవాళ్ళు పధ్నాలుగు మంది విన్నారు. కాళ్ళల్లో జబ్బున్నవాడు ఇన్నాళ్ళూ తమ పక్క తాడు మీద వేలాడాడని ఒకడు ఉమ్మేసి వెళ్ళాడు. పదహారేళ్ళు కలిసి పనిచేసినవాడు.

నా బెల్టు తీసేసుకున్నారు. పెద్దాయనకి పెయింటు స్టోరు అప్పజెప్పి, ఆయన చోట నన్ను నిలబెట్టారు. నా తాడు మీద ఇప్పుడు వేరేవాడు పైకెక్కుతున్నాడు. కింద నిలబడి వేలు ఆనించి ఉంచడం నా పని. మెడ నొప్పెడుతోంది, పైకి చూసీ చూసీ.

నేను మీకు తమ్ముణ్ణా, రెండో నంబరునా? తమ్ముణ్ణయితే రైలెక్కి వచ్చి చెంప పగలగొట్టి దింపాల్సింది. ముద్ర వేసి కాగితం పంపించారు.

ఇక ఉత్తరాలు రాయకండి.

———

ఇల్లు
ఏప్రిల్ 22

కోతీ,

రాయొద్దన్నా రాస్తాను. నువ్వు చదవకపోతే మరదలు చదువుతుంది.

రైలెక్కి రావాల్సింది, నిజమే. స్టేషన్లో ఆ ఇనుప వంతెన మెట్లంటే ఈ మధ్య నాకు ఎందుకో జంకు, జనం తోసేస్తారు. అదొక సాకేలే. కాగితం నాకు అలవాటు, అది పంపాను. నిన్ను పధ్నాలుగు మంది ముందు నిలబెట్టినందుకు క్షమించు. దింపినందుకు మాత్రం క్షమాపణ చెప్పను. నువ్వు బతికి ఉండి నన్ను తిడుతుంటే నాకంతే చాలు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. అక్కడైనా సరే. నరాల డాక్టరుకి చూపించు, కళ్ళు మూసి నిలబెట్టమను.

నిన్న టీ గిన్నె జారి వేడినీళ్ళు పాదం మీద పడ్డాయి. స్నానానికెళ్ళి చూసుకుంటే ఇంత బొబ్బ! పడినప్పుడు పెద్దగా తెలియలేదు. నీ దిగులుతో నా ఒంటి మీద ధ్యాసే పోయింది. చూడు నన్నెంత సతాయిస్తున్నావో.

అక్క

———

ఇల్లు
జూన్ 3

ఒరేయ్,

ఆరు వారాలైంది. మరదలికి రాస్తే "బాగానే ఉన్నారు, డాక్టరుకి చూపించుకున్నారు, మిగతా ఆయనే రాస్తారు" అని రాసింది. ఆయనే రాస్తారంటే ఏంటి? చెప్పలేనంత చెడ్డ కబురా? రోజూ కిందికి దిగి పోస్టు డబ్బా చూసి మళ్ళీ ఎక్కుతున్నాను. రెయిలింగు పట్టుకోందే ఎక్కలేకపోతున్నాను, అంత నీరసం వచ్చింది.

ఏదైనా సరే, తెలిస్తే తట్టుకుంటాను. తెలియకపోతేనే చచ్చిపోతున్నాను. తిట్టయినా రాయి.

అక్క

———

రేకుల షెడ్డు
జూలై 1

అక్కా,

ముందు కూర్చో. నిలబడి చదవకు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

మే నెల మధ్యలో డాక్టరు దగ్గరికెళ్ళా. గంటసేపు చూశాడు. పిన్నుతో గుచ్చాడు, సుత్తితో కొట్టాడు. కళ్ళు మూయించి నా బొటనవేలు పట్టుకుని పైకి కదిపానా కిందికా అని అడిగాడు. దూదిపరుపు మీద ఒంటికాలి మీద నిలబెట్టాడు, కళ్ళు మూసే. నిలబడ్డా. "బాబూ, ఇంత గట్టిగా నిలబడేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. నా కాళ్ళకి ఏ జబ్బూ లేదక్కా. పుట్టినప్పట్నుంచీ లేదు.

బయటికొచ్చి ఆనందంతో గంతేశా. ఇంటికెళ్ళి నీకు నాలుగు పేజీల తిట్లు రాశా. అచ్చం నీ తరహాలో, పేరా పేరాకీ నంబరేసి. కవరు అంటిస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఆ డాక్టరు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియకుండా వెళ్ళిపోతుంటావా?" లేదండీ అన్నాను. అప్పుడు తట్టలేదు. కవరు చేతిలో ఉండగా తట్టింది.

ఇరవై రెండు మెట్లు.

లోపలికెళ్ళి నీ ఉత్తరాలన్నీ తీశా. వేడినీళ్ళు పడితే తెలియలేదు. వంతెన మెట్లంటే జంకు. రెయిలింగు లేందే ఎక్కలేను. నీరసమట, దిగులట. అక్కా, అన్నీ నాకే రాశావు. నన్నడిగిన ప్రశ్నలకి జవాబులన్నీ నీ ఉత్తరాల్లో ఉన్నాయి.

తర్వాత ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. పలక దగ్గర నువ్వు బల్ల మీద పుస్తకం తెరిచి రాసేశావు, ఒకటి నేను, రెండు తమ్ముడు అని. రాసి చెప్పులు విడుస్తున్నావు. మిషనాయన ఏదో వైరు ఊడిందని పిలిచాడు. "నువ్వెక్కరా ముందు, నేను వైరు చూస్తా" అని వంగి కూర్చున్నావు. ముందెక్కింది నేను, మిషను ఒకటో నంబరు వేసింది నా గీతకి. నా వెంట్రుకలు ఊడాక నువ్వెక్కావు. పుస్తకంలో మార్చలేదు. ఎలా మారుస్తావు? నువ్వు రాసేశావంటే అది జరిగిపోయినట్టే కదా నీకు.

ఇంకొకటి. నువ్వు కళ్ళు మూయగానే తూలావు. "ఏంటక్కా, తాగొచ్చావా" అని నవ్వాను. "పొద్దున్నుంచి ఏమీ తినలేదురా" అన్నావు. మిషనాయన కూడా నవ్వాడు. నేను నవ్వానక్కా.

ఆరు వారాలు దాచాను. ఎలా రాయాలో తెలియలేదు. నువ్వు నాకు చెప్పడానికి ఎంత నలిగి ఉంటావో అప్పుడర్థమైంది. కోపమంతా ఎటో పోయింది. డాక్టరిచ్చిన కాగితం ఇంజనీరుకి ఇంకా ఇవ్వలేదు. ఇస్తే ఆయన వెంటనే ల్యాబుకి రాస్తాడు, మీ మనిషి భేషుగ్గా ఉన్నాడని. నీకది వాళ్ళ ద్వారా తెలియకూడదు. అందుకని కిందే ఉన్నా. వేరేవాళ్ళ తాళ్ళ మీద వేలు ఆనించుకుని నిలబడ్డా.

అక్కా, మళ్ళీ పలక ఎక్కు. ఒక్కదానివే ఎక్కకు. మిషనాయన్ని వెనకాల నిలబెట్టుకో. నేననుకున్నది తప్పయితే బాగుండు. రోజూ అదే కోరుకుంటున్నా.

నీ తమ్ముడు, ఒకటో నంబరు

———

ల్యాబు
జూలై 12

కోతీ,

ఎక్కాను.

నీ ఉత్తరం కూర్చునే చదివాను, నువ్వన్నట్టే. చదివి, నోటుపుస్తకం తీసి చూశాను. అందంగా ఉంది నా చేతిరాత. మిషనాయన్ని అడిగితే చాలాసేపు గుర్తు తెచ్చుకుని "అవునమ్మా, ముందు బాబే ఎక్కాడు, ఆ వెంట్రుకల గోల నాకు గుర్తే" అన్నాడు. ఆయన్ని వెనక నిలబెట్టుకుని కళ్ళు మూశాను. ఆరు లెక్కపెట్టేసరికి నేలెటుందో తెలియలేదు. ఆయన పట్టుకున్నాడు. కొత్త గీతని రెండో నంబరు గీత మీద పెట్టి కిటికీ వెలుతురులో చూశాను. రెండూ ఒకే మనిషివి. కొత్తది ఇంకా పెద్దది, అంతే.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. రెండేళ్ళ నుంచీ పాదాల కింద దూది పరిచినట్టుంది. గట్టి అట్టలున్న చెప్పులు కొన్నాను. అవీ మెత్తగానే ఉన్నాయి. షాపువాణ్ణి తిట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకోలేదు. వందలమంది కాళ్ళు చూశానురా. వాష్‌బేసిన్ పట్టుకుంటావా అని నిన్నడిగి, ఆ ఉత్తరం పోస్టు చేసొచ్చి, బేసిన్ పట్టుకుని ముఖం కడుక్కున్నాను. ఒకటో గీత నాదే అనుకున్నాక ఇంకేమీ కనబడలేదు.

డాక్టరు చూశాడు. ఒంట్లో ఏదో విటమిన్ తగ్గి, పాదాల కబురు వెన్నులోంచి పైకి మోసే నరాల దారి దెబ్బతిందట. సూదిమందు మొదలుపెట్టారు. ఇప్పుడున్న చోట ఆగొచ్చు. పోయింది తిరిగొస్తుందా అంటే ఆయన కాగితాలు సర్దుకున్నాడు. నాలుగేళ్ళ కిందట తెలిసి ఉంటే పూర్తిగా బాగయ్యేదట. ఆ నాలుగేళ్ళూ అది నా బీరువాలోనే ఉంది. నంబరేసి, దారం కట్టి, నేనే పెట్టాను.

ఇంజనీరుకి రాశాను. తప్పు నాదని, నీ కాళ్ళు నా జీవితంలో చూసిన అన్ని కాళ్ళకంటే మంచివని రాశాను. అందరి ముందూ చదవమని కూడా రాశాను. పధ్నాలుగు మందీ వినాలి. ఆ ఉమ్మేసినవాడు ముందు వరసలో ఉండాలి.

నీ పేరు కొట్టేసి నా పేరు రాశాను పుస్తకంలో. నీ మూడు నెలలు ఎక్కడ కొట్టేసి ఎక్కడ రాయాలో తెలియడం లేదు. నన్ను క్షమించరా.

నాకు భయంగా ఉంది. పొద్దున మెట్ల పైన నిలబడి కిందికి చూస్తే మెట్లు కనబడుతున్నాయి, నా పాదాలు కనబడుతున్నాయి, రెండూ కలిశాయో లేదో తెలియడం లేదు. రెయిలింగు సగం దాకానే ఉంది. మిగతా పదకొండు మెట్లూ ఇవాళ కూర్చుని దిగాను, చిన్నపిల్లలా. పక్కింటావిడ చూసి చెవిపోగు పడిందా, వెతుకుతున్నారా అనడిగింది. అవునన్నాను.

అక్క

———

రేకుల షెడ్డు
జూలై 20

అక్కా,

ఇంజనీరు చదివాడు. మొత్తం చదివాడు, నా కాళ్ళ గురించి నువ్వు రాసిన మాటతో సహా. ఉమ్మేసినవాడు వచ్చి నా బెల్టు వాడే తెచ్చిచ్చాడు. "బెల్టు తుడిచా" అన్నాడు. రెండు పట్టీలు మిగిలాయి, నీ తమ్ముడే వెయ్యాలన్నారు. వేస్తా, కానీ ముందు పదిహేను రోజులు సెలవు కావాలన్నా. పెద్దాయన ఇంజనీరు మొహంలోకి చూశాడు. ఇచ్చారు.

శనివారం పొద్దున బండికి దిగుతా. పాత తాడొకటి తెస్తున్నా. మనుషుల్ని వేలాడదీయడానికి ఇక పనికిరాదు కానీ, మెట్ల గోడకి ఆ చివర నుంచి ఈ చివరకి బిగిస్తే నీకు నూరేళ్ళు వస్తుంది. బేసిన్ పక్కనా, మంచం నుంచి తలుపు దాకా కూడా బిగిస్తా. మీ ల్యాబు గుమ్మం దగ్గర కూడా అడుగు, ఒప్పుకుంటే సరే, లేకపోతే నేనే వచ్చి అడుగుతా. మీ మరదలు నీకు మడమ పట్టీ ఉన్న చెప్పులు కొంది. ఎరుపువి. తిట్టాలనుకుంటే దాన్ని తిట్టు.

మూడు నెలల సంగతి అడిగావు. ఏమీ కొట్టెయ్యకు. పదహారేళ్ళు పైనే ఉన్నా, నాకు పైన ఉండటమే తెలుసు. కింద నిలబడటం ఎలాగో ఈ మూడు నెలల్లోనే నేర్చుకున్నా. చాలా కష్టమే అది. పైనున్నవాడు ఏం చేస్తున్నాడో చూడకుండా వేలుతోనే తెలుసుకోవాలి, పరధ్యానంగా ఉండకూడదు, టీకి వెళ్ళకూడదు.

మొదటిరోజు తాడు బిగించేదాకా మెట్లు దిగాలంటే నేను నీ ముందు దిగుతా. నా భుజం మీద ఒక్క వేలు ఆనించు. పట్టుకోకు, బరువు వెయ్యకు. ఊరికే ఆనించు, నువ్వు చెప్పినట్టే. నేను వెనక్కి తిరిగి చూడను, నువ్వు ఏ మెట్టు మీదున్నావో నాకు తెలుస్తూనే ఉంటుంది.

శనివారం దాకా కిందికి దిగకు. పోస్టు డబ్బాలో ఇక నా ఉత్తరం ఉండదు.

నీ కోతి